డాక్టర్ సలహా: ఇన్ని మాత్రల్లో ఏది ఆపాలి, ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. చాలాకాలంగా బీపీ, షుగర్ ఉన్నాయి. మా ఊళ్లో మొదటినుంచీ ఆయనను చూస్తున్న ఫ్యామిలీ డాక్టరు గారు వయసు మీదపడి ప్రాక్టీసు మానేశారు. ఇప్పుడు గుండెకు ఒకరు, షుగరుకు ఒకరు, మోకాళ్లకు మరొకరు చూస్తున్నారు. రోజుకు తొమ్మిది రకాల మందులు వాడుతున్నా పాదాలు వాస్తున్నాయి, రాత్రిళ్లు మూత్రానికి పలుమార్లు లేస్తున్నారు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. కొన్ని మందులు ఆపవచ్చా? మళ్లీ ఫ్యామిలీ డాక్టరును వెతుక్కోవాలా, స్పెషలిస్టులు సరిపోతారా?

జవాబు: ఈ జవాబు చదివి మీ నాన్నగారి చేత ఏ మాత్రా మాన్పించవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి మందులు, ఎంతోకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు, నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపితే, వాటిని వాడడం వల్ల కలిగే ఇబ్బంది కంటే పెద్ద ప్రమాదమే రావచ్చు. మీరు మందుల పేర్లు రాయలేదు. అయినా మీరు చెప్పిన మూడు లక్షణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, నా ప్రాక్టీసులో తరచూ ఎదురైన ఒక వరస గుర్తుకు వస్తోంది.

బీపీకి విరివిగా ఇచ్చే ఆమ్లోడిపిన్ మంచి మందే. అయితే అది సన్నని ధమనులను వెడల్పు చేస్తుంది కనుక కొందరికి, ముఖ్యంగా మోతాదు 10 మిల్లీగ్రాములకు చేరినప్పుడు, సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర నీరు దిగుతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోయి వచ్చే వాపు కాదు కాబట్టి, నీరు తీసే మాత్రతో అది పెద్దగా తగ్గదు. కానీ దాన్ని కొత్త జబ్బుగా భావించి ఫ్యూరోసెమైడ్ అనే నీరు తీసే మాత్ర మొదలుపెట్టడం కద్దు. దానితో మూత్రం ఎక్కువవుతుంది, సోడియం, పొటాషియం తగ్గవచ్చు, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలి కీలు వాచిందంటే, దానికి ఇంకొక మాత్ర. ఇంతలో మోకాళ్ల కోసం డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర వచ్చి చేరితే, అది బీపీని పెంచి, ఈసారి నిజంగానే ఒంట్లో నీటిని నిలుపుతుంది. బీపీకే వాడే రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్ వంటి మందు, నీరు తీసే మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకేసారి ఒంట్లో పడితే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ముప్పు కూడా ఉంది. తమాషా ఏమిటంటే, ఎవరికి వారు తమ ఎదుట ఉన్న బాధకు తగిన మందే రాసి ఉంటారు. చీటీలన్నీ ఒకచోట పరచి చూసినవారే ఉండరు.

మీ నాన్నగారి విషయంలో ఇదే జరిగిందని చూడకుండా నిర్ధారించలేను. గుండె, కాలేయం, మూత్రపిండాలు బలహీనపడినా పాదాలు వాస్తాయి. షుగరు అదుపు తప్పినా, ప్రోస్టేటు పెరిగినా రాత్రిళ్లు లేవాల్సి వస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచి నొప్పెట్టినా, మూత్రం బాగా తగ్గిపోయినా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అవేవీ లేకపోతే, ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ బీపీ చూసి రాసిపెట్టండి. పడుకున్నప్పటికంటే పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ తగ్గితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. చూస్తున్నంతసేపూ ఆయన పక్కన ఒకరు నిలబడి ఉండండి.

ఇక ఫ్యామిలీ డాక్టరు సంగతి. నేనూ ప్రాక్టీసు విరమించిన ఫ్యామిలీ డాక్టరునే కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉందనుకోవచ్చు. అయితే నార్వేలో సుమారు 45 లక్షల మంది వివరాలతో చేసి, 2022లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిలో, ఏడాదిగా మాత్రమే ఉన్నవారితో పోలిస్తే, ఆసుపత్రిలో చేరడం, మరణాలు కూడా దాదాపు నాలుగో వంతు తక్కువగా కనిపించాయి. దానికి పరిచయం ఒక్కటే కారణమని అది రుజువు చేయదు గానీ, చిన్న ఊళ్లో పనిచేసినవారికి ఆ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. కొందరు రోగులు కుర్చీలో కూర్చున్నంతసేపూ అసలు బాధ చెప్పరు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, “అన్నట్టు డాక్టరు గారూ, మెట్లెక్కితే ఈమధ్య గుండెల్లో పట్టేసినట్టుంటోంది” అంటారు. ఆ మనిషి ఊరికే అలా అనడని తెలిసిన డాక్టరు అతన్ని మళ్లీ కూర్చోబెడతాడు.

ఈ పరిచయానికి ఇబ్బందులూ లేకపోలేదు. థైరాయిడ్ తగ్గి ముఖం మెల్లమెల్లగా ఉబ్బుతుంటే, తరచూ చూసే డాక్టరుకు కనిపించనిది కొత్త డాక్టరుకు ఒక్క చూపులో దొరకవచ్చు. అందరూ అందరినీ ఎరిగిన ఊళ్లో తాగుడు గురించో మనోవేదన గురించో చెప్పుకోవడానికి జంకి, పొరుగూరి డాక్టరు దగ్గరికి వెళ్లేవారిని నేను ఎన్నడూ తప్పుపట్టలేదు. కాబట్టి స్పెషలిస్టులను మానవద్దు. వారి చీటీలన్నీ చదివి, ఏది ఉంచాలో, ఏది తగ్గించాలో వారితో మాట్లాడి నిర్ణయించే జనరల్ ఫిజీషియన్ ఒకరిని చూసుకోండి.

ఆ పనికి ముందు పాత డాక్టరు గారిని ఒకసారి కలవండి. ఏ మందు పడలేదు, ఏది ఎందుకు ఆపారు అన్నవి చాలావరకు ఆయన జ్ఞాపకంలోనే ఉంటాయి; అడిగి రాయించుకోండి. పాత ఈసీజీ ఉంటే పారేయకండి. గుండెలో విద్యుత్తు ప్రసరణకు సంబంధించిన అడ్డంకి ఒకటి కొత్త ఈసీజీలో కనబడితే, అది ఏళ్లనాటిదా, నిన్నమొన్నటిదా అని తేల్చేది ఆ పాత కాగితమే. కొత్త డాక్టరు దగ్గరికి చీటీలతో పాటు ఇంట్లో ఉన్న మందులన్నీ, కీళ్లనొప్పులకని సొంతంగా కొనుక్కున్నవాటితో సహా, సంచిలో వేసి తీసుకువెళ్లండి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు ఈలోపే చేయించి ఆ రిపోర్టులు చేతికిస్తే, మందుల విషయం మొదటి రోజే తేల్చడానికి ఆయనకు వీలవుతుంది.