ఆట మానేసిన తరువాత బతుకుదెరువు: ఫుట్‌బాల్ క్రీడాకారుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగాను. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి వృత్తి ఫుట్‌బాల్‌లోకి వెళ్లి, ఐ-లీగ్‌లోనూ ఇండియన్ సూపర్ లీగ్‌లోనూ డిఫెండర్‌గా ఆడాను. కుడి మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ జరిగిన తరువాత మా క్లబ్బు కాంట్రాక్టు పొడిగించలేదు, వేరే క్లబ్బులూ పిలవలేదు. కొంత డబ్బు దాచుకున్నాను. దానితో సొంత అకాడమీ పెట్టమని మా మామగారు పట్టుబడుతున్నారు. ముందు ఏదైనా ఉద్యోగం చూసుకోమని నా భార్య అంటోంది. తెల్లవారుజామునే మెలకువ వస్తుంది కాని చేయవలసిన పని ఉండదు. నలుగురిలోకి వెళ్లడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: మీ మామగారి ఆలోచన చెడ్డది కాదు, కాని దానికి ఇంకా వేళ కాలేదు. ప్రస్తుతానికి మీ భార్యగారి మాట వినడమే మంచిదని మా అభిప్రాయం.

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక వెలుగు వెలిగిన రోజుల్లో ఆటగాడికి ఆట వేరు, జీతం వేరు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరులోనే ఉద్యోగం ఉంది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చి, 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణ పతకాలు సాధించిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చినవారు. పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లలో ఆడినవారికి కాలు పనిచేయకపోయినా నెల తిరిగేసరికి జీతం వచ్చేది, వయసు మీరాక పింఛను వచ్చేది. మీ తరానికి దొరికిన కాంట్రాక్టు ఒక్కసారిగా ఎక్కువ డబ్బు ఇస్తుంది కాని గడువు తీరిన మరునాడు ఏమీ ఇవ్వదు. కనుక మీరు పడుతున్న ఇబ్బందికి మీ అసమర్థత కారణం కాదు. ఉద్యోగంతో ముడిపడిన పాత ఏర్పాటు పోయిన చోట కొత్తది ఇంకా సరిగా కుదురుకోలేదు.

ఇక అకాడమీ సంగతి. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్ మైదానాలు చాలా వచ్చాయి, పిల్లలను పంపే తల్లిదండ్రులూ ఉన్నారు. అయితే వేసవి శిబిరంలో కిటకిటలాడే మైదానం జూన్‌లో బడులు తెరవగానే పలచబడుతుంది, వానాకాలంలో మరికొన్ని తరగతులు పోతాయి, పరీక్షల నెలల్లో పెద్ద పిల్లలు అసలు రారు. మైదానం అద్దె, సహాయ కోచ్‌ల జీతాలు మాత్రం పన్నెండు నెలలూ కట్టవలసిందే. పైగా తల్లిదండ్రులు మీ పాత జెర్సీ నంబరు చూసి మొదటి నెల ఫీజు కడతారేమో కాని, రెండో నెల కట్టేది మీరు వాళ్ల పిల్లవాడికి ఏం నేర్పారో చూసి.

అందుచేత ముందు కోచింగ్ లైసెన్సు తీసుకోండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహించే డి లైసెన్సుతో ఆరంభించి సి, బి, ఎ, ప్రో అనే మెట్లు ఒకదాని తరువాత ఒకటి ఎక్కవలసి ఉంటుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య నిజంగా జట్లకు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపించాలి. ఆ అనుభవం కోసం ఏదైనా పాఠశాలలోనో, ఇప్పటికే నడుస్తున్న అకాడమీలోనో సహాయ కోచ్‌గా చేరితే, పదేళ్ల పిల్లవాడికి ఆఫ్‌సైడ్ ఎలా విడమరచాలో, ఫీజుల బాకీ ఎలా వసూలు చేయాలో ఇతరుల పెట్టుబడి మీద నేర్చుకోవచ్చు. మంచి డిఫెండర్ మంచి గురువు అవుతాడన్న హామీ ఏమీ లేదు, అది ముందుగా తేలిపోవడం మీ పొదుపుకే క్షేమం.

దానితోపాటు ఆగిన చదువును అందుకోండి. జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్య ద్వారా డిగ్రీ పూర్తి చేయవచ్చు. డిగ్రీ తరువాత వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్. చేస్తే వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగాలకు దారి తెరుచుకుంటుంది. దాని ప్రవేశ పరీక్షలో శారీరక పరీక్షలు ఉంటాయి కాబట్టి మోకాలి సంగతి మీ డాక్టరుగారితో ముందే మాట్లాడండి. కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2024 ఆగస్టులో విశ్రాంత క్రీడాకారుల కోసం ‘రీసెట్’ అనే శిక్షణ కార్యక్రమాన్ని ప్రకటించింది. మీ అర్హత సరిపోతుందేమో చూసుకోండి.

రిఫరీ వృత్తిని కూడా చిన్నచూపు చూడకండి. రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గారు 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి, వైమానిక దళంలో ఉద్యోగం చేస్తూనే ఫిఫా రిఫరీగా అంతర్జాతీయ మ్యాచ్‌లు నడిపించారు. మ్యాచ్ రిఫరీకి ఆటగాడంత పరుగు తప్పదు కనుక మోకాలు అనుమతించకపోతే మ్యాచ్ నిర్వహణను పర్యవేక్షించే మ్యాచ్ కమిషనర్ వంటి బాధ్యతల గురించి రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘంలో అడగండి.

డబ్బు విషయంలో రెండే మాటలు. క్లబ్బు మీ ఫీజులో పన్ను కోసుకొని ఉంటే రిటర్ను వేసి, అదనంగా పోయినది వెనక్కి తెచ్చుకోండి. జీతం బాకీ ఉంటే కాంట్రాక్టు ప్రతితో సమాఖ్యకు ఆలస్యం లేకుండా ఫిర్యాదు చేయండి, ఏళ్లు గడిచిన ఫిర్యాదు చెల్లదు.

తెల్లవారుజామునే మెలకువ వచ్చినా చేయడానికి పని లేకపోవడం, మనుషులను తప్పించుకోవడం గురించి మీరు చివర్లో క్లుప్తంగా రాశారు కాని మాకు అదే ముఖ్యంగా తోచింది. అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘమైన ఫిఫ్‌ప్రో 2015లో వెల్లడించిన పరిశీలనలో, ఆట మానేసిన వారిలో 35 శాతం మంది దిగులు, ఆందోళన లక్షణాలు ఉన్నట్లు చెప్పారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తగానే నవ్వే అలవాటు మన ఊరికి ఇంకా పోలేదు. ఆ నవ్వుకు జడిసి మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లడం మానవద్దు. ఇంటి నుంచే మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ప్రశ్న: మా వారు ఇరవై ఏళ్ల క్రితం వరకు కార్యాలయ జట్టుకు సెంటర్ బ్యాక్‌గా ఆడారు. ఈ మధ్య మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి, మతిమరుపు కూడా కనిపిస్తోంది. బంతిని తలతో కొట్టడం వల్లనే ఇలా అయిందా?
– ఒక గృహిణి, మల్కాజిగిరి

సమాధానం: కావచ్చునని గాని, కాదని గాని ఉత్తరం చూసి చెప్పలేము. స్కాట్లాండ్‌లో 7,676 మంది మాజీ వృత్తి ఆటగాళ్ల వివరాలను గ్లాస్గో పరిశోధకులు పరిశీలించి 2019లో ప్రచురించారు. మెదడు క్షీణించే వ్యాధులతో మరణించే అవకాశం వారిలో సాధారణ ప్రజలకంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అదే పరిశోధనలో గుండెజబ్బుతో మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు, నిద్రలేమి కూడా మతిమరుపు తెస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. న్యూరాలజిస్టును కలిసినప్పుడు ఎన్నేళ్లు ఆడారో, తలకు దెబ్బ తగిలి ఎప్పుడైనా స్పృహ తప్పారో తప్పక చెప్పండి.

మోకాళ్లకు తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు తగ్గడం రెండూ అవసరం. అధిక బరువుతో కీళ్ల అరుగుదల ఉన్నవారు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మైదానం వదిలినా పాత ఆకలి వదలకపోవడం మాజీ ఆటగాళ్లలో తరచు చూస్తుంటాము.

ప్రశ్న: భారత జట్టుకు ఆడిన ఫుట్‌బాల్ క్రీడాకారుడికి కేంద్ర ప్రభుత్వ పింఛను వస్తుందా?
– ఒక విద్యార్థి, బార్కస్

సమాధానం: ఆడినంత మాత్రాన రాదు. ప్రతిభావంత క్రీడాకారుల పింఛను పథకం ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడల వంటి వాటిలో పతకం గెలిచినవారికి ఉద్దేశించినది. పురుషుల ఫుట్‌బాల్‌లో మన దేశానికి చివరి ఆసియా క్రీడల పతకం 1970 బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యం. ఆ జట్టుకు నాయకుడు మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ గారే. తరువాతి తరం పురుష ఆటగాళ్లకు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే. అయితే ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న మాజీ క్రీడాకారులకు, ముఖ్యంగా వైద్య ఖర్చులకు, పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ జాతీయ క్రీడాకారుల సంక్షేమ నిధి ఉంది. ఆడిన మ్యాచ్‌ల ధ్రువపత్రాలు, ఆదాయ పత్రం, ఆసుపత్రి బిల్లులు జతచేసి దానికి దరఖాస్తు చేసుకోవచ్చు.