మీ నాన్నకు చెప్పండి, అది కూడా త్వరగా

మీ ప్రశ్న: నాన్నకు నోటి క్యాన్సర్ అని రిపోర్ట్ వచ్చింది, ఆ మాట ఆయన చెవిన పడొద్దని అన్నయ్య అంటున్నాడు, దాచడం మంచిదేనా?

మంచిది కాదు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లేలోపే చెప్పండి. మా బాపుకు, అంటే నాన్నకు, ఇదే జబ్బు వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఇదే వాదన జరిగింది. మా అన్న మాటే నెగ్గింది. దానివల్ల మాకు మూడు వారాలు పోయాయి.

మాది పరకాల వైపు పల్లె. బాపు పత్తి వేసేవాడు. చేనులో ఉన్నా, పత్తి తీసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోయినా బుగ్గన తంబాకు ఉండాల్సిందే. ఎడమ బుగ్గ లోపల పుండు లేచింది. హనుమకొండలో ఒక డాక్టర్ మూడు నెలలు పూత మందు, విటమిన్ గోలీలు రాసిచ్చాడు. వెళ్లిన ప్రతిసారీ ఫీజు తీసుకున్నాడు. రెండు మూడు వారాలైనా మానని నోటి పుండుకు ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఇది నాలాంటి పత్తి రైతు బిడ్డకు ఇప్పుడు తెలుసు, డాక్టర్ చదువు చదివిన ఆయనకు అప్పుడే తెలియాలి. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మీ ఇంట్లో ఇంకెవరైనా తంబాకు, గుట్కా నమిలేవాళ్లుంటే ఈ రోజే నోరు తెరిపించి టార్చ్ వేసి చూడండి.

చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. బాపు చదువుకోలేదు కాబట్టి బోర్డు చదవలేడని మా ధైర్యం. "పుండు గట్టిపడ్డది, చిన్న ఆపరేషన్ చేస్తరట" అని చెప్పాం. డాక్టరమ్మ మాట్లాడుతుంటే అన్న బాపు కుర్చీ వెనక నిలబడి చెయ్యి ఊపుతూ వద్దు వద్దని సైగ చేశాడు. ఆమె చూసింది. బయటికి వచ్చాక మమ్మల్ని ఆపి, "ఆయనకు మీరే చెప్తే మంచిదమ్మా" అంది. మేం తలూపి వచ్చేశాం.

ముందు ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ అన్నారు. రేడియేషన్ మొదలయ్యేలోపు పుచ్చిన పళ్లన్నీ తీసేయాలన్నారు. ఎందుకంటే రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తం సరిగా అందదు. ఆ తర్వాత పన్ను పీకితే ఆ గాయం మానకపోవచ్చు, ఎముకే చెడిపోవచ్చు. ఈ కారణం బాపుకు చెప్పాలంటే అసలు జబ్బు పేరు చెప్పాలి. మేం చెప్పలేదు. "పండ్లు పీకనియ్య" అని ఆయన లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి మంచం ఎక్కితే మూడు వారాలు కదల్లేదు. ఒకరోజు అమ్మ బొంత దులుపుతుంటే కింద తంబాకు పొట్లం దొరికింది. అన్న అరిచాడు, అమ్మ ఏడ్చింది, బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

చివరికి నేను బతిమాలి, "ఒక్కసారి చూపిచ్చుకొని వద్దాం" అని బయలుదేరదీశాను. కాజీపేటలో రైలెక్కాం. క్యాన్సర్ రోగికి రైల్వే రాయితీ ఉంటుంది. స్లీపర్‌లో రోగికి ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గుతుంది. డాక్టర్ సంతకం పెట్టిన ఫారం నా బ్యాగులో మడిచి పెట్టుకున్నాను. జనగామ దాటాక టీసీ వచ్చాడు. టికెట్ చూసి, "క్యాన్సర్ పేషెంట్ ఎవరమ్మా?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు, అది ఆయన డ్యూటీ. నాకు మాత్రం నోట మాట రాలేదు. ఎదురు సీట్లో వాళ్లు మా వైపే చూస్తున్నారు.

బాపు చెయ్యి లేపాడు. "నేనే సారూ" అన్నాడు.

టీసీ టిక్ పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా. ఆలేరు పోయింది. బాపే మాట్లాడాడు.

"నాకు ఎరికే బిడ్డా. మొదటినాడే ఆటో ఆయన అడగలేదా, క్యాన్సర్ దవాఖానకేనా అని."

ఆటో చప్పుడులో ఆయనకు వినపడలేదని మేం అనుకున్నాం. మరి తెలిసి కూడా తంబాకు ఎందుకు వేసుకున్నవ్, పళ్లు ఎందుకు తీయనియ్యలేదు అని అడిగాను.

"మీరు ముగ్గురూ నోరు ఇప్పకపోతిరి. ఇగ నాకు దినాలు దగ్గరపడ్డయనుకున్న. పోయేటోనికి పండ్లు పీకుడెందుకు, తంబాకు బందు పెట్టుడెందుకు?"

భువనగిరి గుట్ట కనబడేదాకా ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత నేను అన్నీ చెప్పాను. గడ్డ బుగ్గలోనే ఉందని, ఊపిరితిత్తుల స్కాన్‌లో ఏమీ లేదని, నయం చేయడానికే ఇదంతా చేస్తున్నారని చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు: "అంటే బతుకుతనని అన్నరా?" బతికే అవకాశం ఉందనే వైద్యం చేస్తున్నారని చెప్పాను. సికింద్రాబాద్‌లో దిగగానే జేబులోని పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రోజే పళ్ల డాక్టర్ దగ్గర నోరు తెరిచాడు.

అందుకే చెప్తున్నా. మనం దాచేది జబ్బును కాదు, దానికి మందు ఉందన్న సంగతిని. మనిషికి ఆటో ఆయన దగ్గర, పక్క మంచం వాళ్ల దగ్గర, మన ముఖాల్లో జబ్బు ఎలాగూ తెలిసిపోతుంది. తెలియనిదల్లా డాక్టర్ చెప్పిన మంచి మాటే. "తెలిస్తే గుండె పగిలి పోతడు" అని మా మేనమామ అన్నాడు. తెలిసినందుకు గుండె పగిలినవాళ్లను ఆ వార్డులో నేను ఒక్కరిని కూడా చూడలేదు.

చెప్పాక వచ్చే తలనొప్పి వేరే. చుట్టాలు. పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చుని, ఫలానా ఊళ్లో ఇదే జబ్బుతో ఎవరు పోయారో చెప్తారు. ఒకామె లక్ష్మణఫలం ఆకుల కషాయం తాగితే ఆపరేషన్ అక్కర్లేదంది. ఇంకొకాయన బాపు తాగిన గ్లాసు వేరే పెట్టమన్నాడు, అంటుకుంటుందట. క్యాన్సర్ అంటుకోదు. మా అమ్మ ఆ గ్లాసుతోనే ఆయన ముందు నీళ్లు తాగింది. మీరు కూడా అలాంటివాళ్లను గడప దగ్గరే ఆపండి, మొహమాటపడొద్దు.

అమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. ఆపరేషన్ తర్వాత తిండి పోయడానికి ముక్కు పైపు పెట్టారు. వార్డులో సిస్టర్ రెండు రోజులు పక్కన నిలబడి అమ్మకు నేర్పింది. తల ఎత్తి కూర్చోబెట్టాలి, ముక్కు దగ్గర పైపు మీది గుర్తు జరగలేదని చూసుకోవాలి, మెల్లగా పోయాలి, చివర్లో నీళ్లతో పైపు కడగాలి. అమ్మ పప్పు, అన్నం, క్యారెట్ మెత్తగా ఉడికించి మిక్సీ పట్టి, బట్టలో వడగట్టి రెండు గంటలకోసారి పోసేది. రాత్రి కూడా లేచేది. అప్పటికే అమ్మకు షుగర్ ఉంది. గోలీలు వేసుకున్నాక ఆమె వేళకు తిన్నదా అని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఒకనాడు వార్డు వరండాలో కళ్లు తిరిగి పడిపోతే అదే సిస్టర్ చక్కెర నీళ్లు తాగించి, "పేషెంట్‌ను చూసే మనిషిని ఎవరు చూస్తున్నారమ్మా?" అని మమ్మల్ని నిలదీసింది. మీ అమ్మగారి తిండి, మందుల బాధ్యత ఎవరో ఒకరు ఇప్పుడే తీసుకోండి.

రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు నడిచింది. వేడి నీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జాలీని ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు, రోజూ దాంతోనే ముఖాన్ని బల్లకు బిగిస్తారు. ఊపిరాడుతుంది గానీ మనిషికి భయం. ఏమి చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో తెలియని మనిషి దాని కింద ఎట్లా పడుకుంటాడు? బాపు తెలిసి పడుకున్నాడు. మూడో వారం నుంచి నోరంతా పూసింది, ఉమ్మి మింగలేకపోయాడు, అయినా ఒక్కరోజు కూడా మానలేదు.

ఇది జరిగి ఆరేళ్లయింది. చెకప్‌లకు వెళ్తూనే ఉన్నాం. నోరు ఎండిపోతుంది కాబట్టి నీళ్ల సీసా ఎప్పుడూ పక్కనే ఉండాలి. కారం ముట్టడు. దవడ బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకునే కసరత్తు ఉంది. మొదట్లో ఆరు పుల్లలు పట్టేవి, ఇప్పుడు పదమూడు పడుతున్నాయి. రోజూ పొద్దున లెక్కపెట్టి ఫోన్‌లో నాకు చెప్తాడు.

మీరు చెప్పేటప్పుడు ముందు ఆయన్నే అడగండి: "నీకేమైందనుకుంటున్నవు నాన్నా?" ఆయన చెప్పేది పూర్తిగా వినండి. మీ అన్నయ్యను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, లేకపోతే రేపు ఆయన ఇంకోమాట చెప్తాడు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి ఇప్పుడు 10 లక్షలు, కార్డు, రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకోండి. రైల్లో వెళ్తే ఆ ఫారం డాక్టర్ దగ్గర అడిగి తీసుకోండి. టీసీ అడిగితే మీ నాన్నే చూపిస్తారు.