బండి కొనే ముందు ఇది మొత్తం చదువు చిన్నోడా

ఒరే చిన్నోడా, డ్రైవరు పని మానేసి సొంత బండి కొంటున్నావంట, అక్క చెప్పింది. మన ఇంటి ముందు మళ్ళీ లారీ నిలబడుతోందంటే సంతోషమే గానీ రాత్రంతా నిద్ర పట్టలా. ఫోన్లో చెప్తే సరే మావయ్యా సరే మావయ్యా అని పెట్టేస్తావు, అందుకే టైప్ చేస్తున్నా.

బండి చూడ్డానికి ఆటోనగర్ మేస్త్రీని వెంట తీసుకెళ్ళు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, పర్మిట్, పాత చలాన్లు చూసుకో. ఇవి నీకూ తెలుసు.

తెలియంది చెప్తా. ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టమాక. మీ నాన్న పెట్టాడు. బావ స్టీరింగ్ పడితే తిరుగులేదు, మనుషుల దగ్గరే మొహమాటం. ఫార్మాలిటీ అన్నా అంటే బండి ఇంకొకరి పేరు మీదకి మార్చే ఫారం 29, 30 ఏమీ నింపకుండానే సంతకాలు చేసి, చెక్కులు కూడా ఇచ్చేశాడు. తాగీ తిరిగీ కాదు, సీజన్ అయిపోయి లోడు లేక బండి నిలబడిపోతే రెండు కిస్తీలు తప్పాయి. ఆ తర్వాత గుంటూరు యార్డులో మిర్చి ఎత్తుకుని కలకత్తా బయల్దేరితే, రాజమండ్రి దాటాక టీకి ఆగిన చోట ఫైనాన్స్ వాళ్ళ మనుషులు నలుగురొచ్చి తాళం లాక్కుని లోడుతో సహా తోలుకుపోయారు. సరుకు బావది కాదు కదరా! చేతిలో బిల్టీ, అదే సరుకు రసీదు, పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు, అటు సరుకు పార్టీ ఫోన్లో బూతులు. వేరే బండికి మార్చిన ఖర్చు, హమాలీ, లేటుకి కోత, అన్నీ బావ నెత్తినే. బండి ఎవరికి ఎంతకి అమ్మారో కూడా తెలీదు, సంతకాలు ముందే ఉన్నాయిగా. పైగా బాకీ ఇంకా ఉందని చెక్కులేసి బౌన్స్ కేసు. అక్క గాజులు అప్పుడే పోయాయి. నువ్వు ఇంటర్ చదువుతున్నావని నీకెవరం చెప్పలా.

రౌడీలని పెట్టి బళ్ళు లాక్కోకూడదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది గానీ, అర్ధరాత్రి హైవే మీద అది ఎవడికి చూపిస్తావు?

అందుకే కిస్తీ లెక్క ముందే వేసుకో. కలకత్తా ఇంచుమించు 1200 కిలోమీటర్లు, లోడు మీద లీటరుకి 4 వచ్చిందనుకో, 300 లీటర్లు, దగ్గర దగ్గర 29 వేలు డీజిలుకే, ఇంకా టోలు, బత్తా, మామూళ్ళు, బ్రోకర్ కమిషన్. అక్కడ రిటర్న్ లోడు కోసం పడిగాపులు పడ్డ రోజులకి కూడా కిస్తీ నడుస్తూనే ఉంటది. మూడు కిస్తీల డబ్బు బ్యాంకులో పక్కన పడితేనే బండి జోలికెళ్ళు, లేదంటే ఇంకో ఏడాది డ్రైవరుగానే చెయ్యి, నామోషీ ఏం లేదు.

ఇంకో రెండు టన్నులు ఎక్కించు ఏం కాదులే అని బ్రోకర్ అంటాడు. పట్టుకుంటే 20 వేలు ఫైను, పైన టన్నుకి 2 వేలు, కట్టేది నువ్వు, వాడు ఫోన్ కూడా ఎత్తడు.

తెల్లవారుజామున కళ్ళు మూతలు పడుతుంటే బంకులో ఆపి పడుకో నాన్నా, లోడు లేటైతే అవనీ.

కాగితాల రోజు నేనొస్తా, ప్రతి పేజీ చదివాకే పెన్ను పట్టుకో. ఎప్పుడో రెండ్రోజులు ముందు చెప్పు, మోకాళ్ళ మాత్రలు తెచ్చుకోవాలి.