గడ్డకి సూది పడితే క్యాన్సర్ పాకుతుందా?

మీరు అడిగింది: అమ్మకి 54 ఏళ్లు, రొమ్ములో నొప్పి లేని గడ్డ, మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రే) బైరాడ్స్ 4 అని వచ్చింది. డాక్టర్ బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి పరీక్షించడం) అన్నారు. చుట్టాలేమో సూది పడితే పాకుతుంది, వద్దంటున్నారు.

చేయించండి. బైరాడ్స్ అంటే అనుమానం ఎంతో చెప్పే అంకె. 4 అంటే క్యాన్సర్ అని కాదు, ముక్క తీసి చూస్తే తప్ప తేలదని. 4ఏ అయితే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 నుంచి 10 శాతం, 4బీ అయితే 10 నుంచి 50, 4సీ అయితే 50 నుంచి 95. రిపోర్టులో ఏ అక్షరం ఉందో చూడండి. నొప్పి లేదు కదా అని మాత్రం ధీమాగా ఉండొద్దు, రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.

ఒంట్లో కణాలు అవసరం మేరకే రెండుగా విభజన చెందుతాయి. డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 లాంటి ప్రొటీన్లు విభజనని ఆపేస్తాయి, బాగుచేయడం కుదరకపోతే ఆ కణాన్ని చంపేస్తాయి. ఈ కాపలా జన్యువులు పాడై, విభజనని పెంచే జన్యువులు ఆగకుండా పనిచేస్తే గడ్డ తయారవుతుంది. సాధారణంగా ఒక్క మార్పుతో అయ్యేది కాదు, ఏళ్ల తరబడి కొన్ని పోగవ్వాలి. వయసుతో ముప్పు పెరిగేది అందుకే. క్యాన్సర్ కాని గడ్డలు, అంటే కొవ్వు గడ్డలు, గర్భసంచి ఫైబ్రాయిడ్లు, రొమ్ములో ఫైబ్రోఎడినోమాలు లాంటివి, ఉన్నచోటే పెరుగుతాయి. క్యాన్సర్ కణాలు తమ కింద ఉండే అడుగు పొరని చీల్చుకుని పక్క కణజాలంలోకి చొరబడతాయి, అక్కడి నుంచి చంక గ్రంథులకి, ఎముకలకి, ఊపిరితిత్తులకి, కాలేయానికి వెళ్లగలవు. ఈ తేడా చేత్తో తడిమితే తెలియదు, మైక్రోస్కోప్ కింద చూడాలి.

ఇక సూది సంగతి. రొమ్ములో సూది దారిన కణాలు జారి కొత్త గడ్డ కట్టడం చాలా అరుదు. వృషణాల గడ్డ లాంటి కొన్నిచోట్ల మాత్రం డాక్టర్లే సూది వద్దంటారు, బహుశా ఈ భయం అలాంటివాటి నుంచే అందరికీ అంటుకుంది. అసలు నష్టం ఇంకోచోట ఉంది: బయాప్సీ లేకుండా గడ్డ మొత్తం కోసేసి, తర్వాత క్యాన్సర్ అని తేలితే అంచుల్లో కణాలు మిగిలిపోయి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

ఎఫ్‌ఎన్‌ఏసీతో (సన్న సూదితో కణాలు లాగే పరీక్ష) సరిపెడతామంటే కోర్ బయాప్సీ అడగండి. సన్న సూదితో వచ్చేవి విడి కణాలు, అవి అడుగు పొర దాటాయో లేదో వాటిలో కనిపించదు. కోర్‌లో ఎక్కువగా 14 గేజ్ (కాస్త లావు) సూదితో, ఆ చోటుకే మత్తు ఇచ్చి, కొన్ని సన్న ముక్కలు తీస్తారు.

మన హైదరాబాద్‌లో చాలా క్లినిక్‌లు ముక్క ఉన్న డబ్బా మన చేతిలోనే పెట్టి బయటి ల్యాబ్‌కి పంపుతాయి. ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో (కణాలు పాడవకుండా ఉంచే ద్రవం) ఉండాలి, ముక్క పరిమాణానికి కనీసం 10 రెట్ల ద్రవం ఉండాలి. సెలైన్‌లోనో మామూలు నీళ్లలోనో వేస్తే కణాలు కుళ్లిపోయి రిపోర్టే రాకపోవచ్చు. ఫ్రీజర్‌లో పెడితే మంచు గడ్డకట్టి కణాలు చీలిపోతాయి. ముక్క తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో పడాలి, మొత్తం 6 నుంచి 72 గంటలు అందులో నానాలి. లేకపోతే తర్వాత చేసే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రొటీన్) పరీక్షలు తప్పుగా రావచ్చు, మందులు నిర్ణయించేది అవే. కాబట్టి తీసిన ముక్కని తర్వాత చూద్దాంలే అని ఇంట్లో ఉంచుకోవద్దు. డబ్బా మూత బిగించి, పేరు, వయసు, ఏ వైపు రొమ్ము, తీసిన సమయం డబ్బా మీద రాయించండి. ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలేసి టీకి వెళ్లకండి.

రిపోర్టు వచ్చాక గ్రేడ్, స్టేజ్ ఒకటనుకోవద్దు. కణాలు ఎంత వికృతంగా ఉన్నాయో గ్రేడ్ చెబుతుంది (1 నుంచి 3), జబ్బు ఎంత దూరం వెళ్లిందో స్టేజ్ చెబుతుంది. గ్రేడ్ 3 అని చూసి మూడో స్టేజ్ అనుకుని ఇల్లంతా ఏడ్చేవాళ్లున్నారు. హెర్2 2+ వస్తే అది తేలనట్టే, ఫిష్ పరీక్ష (హెర్2 జన్యువు ఎన్ని కాపీలుందో లెక్కపెట్టేది) అడగండి.

రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి, ఎక్కడ రెండో అభిప్రాయానికి వెళ్లినా కాగితం ఒక్కటే చాలదు. ముక్కని పొదిగి ఉంచిన మైనం దిమ్మలూ, గాజు స్లైడ్‌లూ కూడా ల్యాబ్ నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకుని వెళ్లండి.