ప్రచ్ఛన్న యుద్ధం చార్టు గీస్తున్న మనవరాలికి

చిట్టితల్లీ,

అమెరికా, సోవియట్‌ల ప్రచ్ఛన్న యుద్ధం మొత్తం గోడకెక్కిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ మాటకి పొంగిపోయాను. స్కెచ్ పెన్నులు అప్పుడే కొనేశావని కూడా చెప్పింది. అక్కడే గుబులు పట్టుకుంది.

ముందు స్కేలు తేల్చుకో. ఏడాదికి ఐదు సెంటీమీటర్లు వేసినా 1947 నుంచి 1991 దాకా రెండు మీటర్లు దాటుతుంది, కాగితాలు అతికించుకో. పైన వాషింగ్టన్, కింద మాస్కో, నడుమ బెర్లిన్, కొరియా, వియత్నాం, అఫ్గానిస్తాన్. 1949లో అమెరికా వైపు కూటమి నాటో, 1955లో సోవియట్ వైపు కూటమి వార్సా ఒప్పందం, ఇవి నీకు నేను చెప్పాలా!

నా భయమంతా 1962 గురించే. మేం చదువుకున్నప్పుడు ఆ కథ భలే సులువు. సోవియట్ నాయకుడు ఖ్రుశ్చేవ్ క్యూబాకి అణు క్షిపణులు పంపాడు, అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆ దీవి చుట్టూ ఓడలు మోహరించాడు, అక్టోబర్ 28న ఖ్రుశ్చేవ్ తగ్గాడు. మాస్కో నుంచి క్యూబాకి ఒక బాణం, తిరిగి ఇంకో బాణం, అంతే. కానీ అప్పటికే టర్కీలో సోవియట్‌ వైపు గురిపెట్టిన అమెరికా జూపిటర్ అణు క్షిపణులున్నాయి. 1961 ఏప్రిల్‌లో అమెరికా అండతో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి జరిగింది. 1962 అక్టోబర్ 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి డొబ్రినిన్‌ని పిలిచి, టర్కీలోవి తీసేస్తాం గానీ ఈ మాట బయటికి పొక్కకూడదన్నాడు. 1963 ఏప్రిల్‌కల్లా తీసేశారు. ఈ బేరం లోకానికి ఏళ్ల తరబడి తెలియలేదు. మరి ఆ బాణం ఎలా గీస్తావు? చుక్కలతో గీయి. అప్పుడే అందరికీ తెలిసినవాటికి నిండు గీత, తర్వాత బయటపడ్డవాటికి చుక్కల గీత. లేకపోతే 1963లో జనం అన్నీ తెలిసే మాట్లాడారనుకుంటావు, పరీక్షలో అదే రాసొస్తావు కూడా!

ఆ అక్టోబర్‌లో నేను బడిపిల్లాణ్ణి. ఇంటిల్లిపాదీ రేడియోకి చెవులప్పగించింది చైనా యుద్ధం కోసం, 20న మొదలైంది కదా. మా ఇంట్లో క్యూబా ఊసే లేదు. అడుగున మనకీ ఒక సన్నటి వరుస వదులు, ఒకే వారంలో ఆ రెండూ ఎలా ఇరుక్కున్నాయో కనిపిస్తుంది.

సోవియట్‌కి ఎరుపు, అమెరికాకి నీలం, సరే. తప్పెవరిదో రంగుతోనే తేల్చెయ్యకు. నీ మొండితనం నాకు తెలీదా? నాదేగా అది.

రాత్రిపూట స్టూలెక్కి గీయకు, పడతావు. బాణాలన్నీ ముందు పెన్సిల్‌తోనే. 1979 దగ్గర, అదే సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి దిగిన చోట, చిక్కుపడితే ఫోన్ చెయ్యి, నాలుగింటి తర్వాత. అంతకుముందైతే నిద్రలో ఉంటాను.

తాతయ్య