కొండకు వెళ్లే దారిని మనిషి ఎలా ఎంచుకుంటాడో లెక్కగట్టబోయే ముందు

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి, పెద్దనాయన ఆశీస్సులు.

తిరుపతికి వచ్చిన యాత్రికులు బస్సు, జీపు, సొంత బండి, కాలినడకలలో దేనిని ఎందుకు ఎంచుకుని కొండకు వెళ్తారో గణిత నమూనాతో వివరించాలని అనుకుంటున్నట్టు నీవు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు సంఖ్యాశాస్త్రం చెప్పిన నాకు మన ఇంటి పిల్ల ఈ పనికి పూనుకోవడం ఎంత సంతోషమో రాయలేను. అయితే నీ ప్రశ్నలన్నీ ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నదాని చుట్టూనే ఉన్నాయి. అది చివరి పని. నీవు పలకరించే ప్రతి మనిషి ముందు ఆ రోజు, ఆ గంటలో నిజంగా ఏయే దారులు ఉన్నాయో ముందు తేల్చుకోవాలి.

మనుషుల ఎంపికలను లెక్కగట్టే ఈ శాస్త్రపు మూలం తెలిస్తే ఆ మాట ఎందుకు అంటున్నానో నీకే అర్థమవుతుంది. ఒక వస్తువుకు మనసు ఇచ్చే విలువ ప్రతిసారీ ఒకేలా ఉండదని, అటూ ఇటూ ఊగుతుందని మనస్తత్వవేత్త థర్‌స్టన్ 1927లో చెప్పాడు. రెండు ప్రత్యామ్నాయాలను ఎంచుకునే సంభావ్యతల నిష్పత్తి మూడవదాని మీద ఆధారపడదని మరో మనస్తత్వవేత్త లూస్ 1959లో సూత్రీకరించాడు. ఆర్థికవేత్త మెక్‌ఫాడెన్ 1974లో ఈ ఆలోచనలను కలిపి, ప్రతి ప్రత్యామ్నాయపు ప్రయోజనంలో, అంటే దానికి మనిషి మనసులో ఇచ్చే విలువలో, మనం కొలవగల భాగం ఒకటి, కొలవలేని యాదృచ్ఛిక భాగం ఒకటి ఉంటాయని, ఆ రెండవ భాగం గంబెల్ అనే సంభావ్యతా విభాజనాన్ని అనుసరిస్తే ఎంపిక సంభావ్యత లాజిట్ అనే సూత్ర రూపంలో వస్తుందని చూపించాడు. అంటే ప్రతి ప్రత్యామ్నాయపు కొలిచిన ప్రయోజనాన్ని ‘ఇ’ అనే స్థిర సంఖ్యకు (సుమారు 2.718) ఘాతంగా వేసి, ఆ వ్యక్తికి అందుబాటులో ఉన్న అన్ని ప్రత్యామ్నాయాల అటువంటి విలువల మొత్తంతో భాగించడమే. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే ప్రాంతీయ రైలు రాకముందే మెక్‌ఫాడెన్ బృందం ప్రయాణాలలో దాని వాటా 6.3 శాతం ఉంటుందని అంచనా వేయగా, రైలు నడిచాక అది 6.2 శాతంగా తేలింది. 2000లో అతనికి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఆ భాగహారంలో కింద ఉన్న మొత్తాన్ని జాగ్రత్తగా చూడు. ఆ మనిషికి లేని దారిని అందులో కలిపినా, ఉన్న దారిని వదిలినా పైన ఎంత శ్రమపడి కొలిచినా ఫలితం తప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మకు అలిపిరి మెట్లు ప్రత్యామ్నాయమే కావు. రాత్రి బస్సు దిగిన కుటుంబానికి శ్రీవారి మెట్టు దారి తెరిచి ఉండదు. 2023లో చిరుతల దాడుల తరువాత పిల్లలతో నడిచేవారికి వేళల నిబంధన వచ్చింది కనుక, చంటిబిడ్డతో సాయంత్రం వచ్చిన తండ్రికి ఉన్న దారుల్లో కాలినడకను కూడా నీవు ఫారంలో రాస్తే అది నీ ఊహే అవుతుంది. సామాను ఎక్కువైతే నడవలేరని కూడా అనుకోవద్దు. నడిచి వెళ్లేవారి సామానును దేవస్థానమే ఉచితంగా పైకి చేరవేస్తుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు మొక్కు. నడిచి వస్తానని మొక్కుకున్న మనిషి అలిపిరిలో నిలబడి కాలాన్నీ చార్జీనీ బేరీజు వేయడు; అతని ఎంపిక ఇంటి దగ్గరే, బహుశా ఏ ఆసుపత్రి వరండాలోనో జరిగిపోయింది. నేను తొలిసారి ఇటువంటి సర్వే చేసినప్పుడు మొక్కు సంగతి అడగలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే. యాత్రికులకు గంట సమయం విలువ దాదాపు సున్నా అని ఫలితం వచ్చింది. మొక్కుబడి ఉన్నవారిని, దారులను నిజంగా తూచి చూసినవారిని ఒకే గంపలో వేసినందువల్లనే అలా జరిగింది. నీ ఫారంలో మొదటి ప్రశ్న అదే కావాలి. అటువంటివారిని వేరే జాబితాలో ఉంచాలి.

రెండవ జాగ్రత్త ఒకేలాంటి దారుల గురించి. పుస్తకాలలో ఎర్ర బస్సు, నీలం బస్సు అని చెప్పే చిక్కునే మన ఘాట్ రోడ్డు మీద చూడు. లెక్క కోసం సగం మంది డీజిల్ బస్సులో, సగం మంది జీపులో వెళ్తున్నారని అనుకుందాం. అదే చార్జీకి, అదే వేగంతో ఎలక్ట్రిక్ బస్సు వచ్చిందనుకో. సాదా లాజిట్ మూడింటికీ మూడో వంతు చొప్పున పంచి, జీపు వాటాను 50 నుంచి 33 శాతానికి దించుతుంది. నిజానికి బస్సువారే రెండు బస్సుల్లోకి విడిపోతారు, జీపువారు కదలరు. కాబట్టి రెండు బస్సులను ఒక గూటిలో, రెండు మెట్లదారులను మరొక గూటిలో పెట్టే నెస్టెడ్ లాజిట్‌ను కూడా వేసి పోల్చి చూడాలి.

ఎక్కడ నిలబడి అడుగుతావన్నది కూడా ముఖ్యమే. సగం రోజు అలిపిరి పాదాల మండపం దగ్గర, సగం రోజు బస్‌స్టాండులో కూర్చుంటే, నీ శాంపిల్‌లో నడిచేవారి వాటాను నీవే నిర్ణయించినట్టు అవుతుంది. మాన్‌స్కీ, లెర్మన్ అనే పరిశోధకులు 1977లో దీనికి దారి చూపారు: ప్రతి వర్గానికీ, జనంలోని దాని నిజమైన వాటాను శాంపిల్‌లోని వాటాతో భాగించిన బరువు ఇవ్వాలి. సాదా లాజిట్‌లో ప్రతి ప్రత్యామ్నాయానికీ దాని సొంత ఆకర్షణను చూపే స్థిరాంకం పెడితే ఆ స్థిరాంకాలు మాత్రమే చెడతాయి; కాలం, చార్జీలు ప్రయోజనాన్ని ఎంత మారుస్తాయో చెప్పే గుణకాలు నిలుస్తాయి. అయినా దిద్దడానికి అసలు వాటాలు కావాలి కనుక, ఒక రోజంతా తలలు లెక్కపెట్టే పనిని తప్పించుకోవద్దు.

గుణకాలు వచ్చాక వాటిని విడివిడిగా చదవకు, నిష్పత్తిగా చదువు. నిమిషానికి −0.04, రూపాయికి −0.02 వస్తే నిమిషం విలువ రెండు రూపాయలు, గంట విలువ 120 రూపాయలు అని అర్థం. యాదృచ్ఛిక భాగపు వ్యాప్తి ఒక్కో సర్వేలో ఒక్కోలా ఉంటుంది కనుక, రెండు సర్వేల గుణకాలను పక్కపక్కన పెట్టి పెద్దదీ చిన్నదీ అనడం తప్పు.

ముందు యాభై మందినే అడిగి ఆ ఫారాలు తీసుకుని ఆదివారం ఇంటికి రా. ఒక్కొక్క ఫారం ముందు పెట్టుకుని, ఆ మనిషికి లేని దారులను ఇద్దరమూ కలిసి ఎర్ర సిరాతో కొట్టివేద్దాం.

ఇట్లు,
నీ పెద్దనాయన