టెక్ సందేహాలు: ఆ ఎర్ర గీతల మ్యాప్ తీసేయండి

ప్రశ్న: విశాఖ పోర్టు దగ్గర మాది క్లియరింగ్ ఏజెన్సీ. ఇరవై కంప్యూటర్లు, ఎనిమిది సీసీ కెమెరాలు ఉన్నాయి. ఈ మధ్య ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే పరికరం) కొని, దాని డ్యాష్‌బోర్డును హాల్లో టీవీలో పెట్టాం. ప్రపంచ మ్యాప్ మీద ఎక్కడెక్కడి నుంచో ఎర్ర గీతలు రోజంతా మా మీదికి వస్తూనే ఉన్నాయి. చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. ఆ దేశాలన్నిటినీ బ్లాక్ చేస్తే సరిపోతుందా?

జవాబు: ఈ మ్యాప్ గురించి మెయిల్స్ ఆగడం లేదు. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి పబ్లిక్ ఐపీ అడ్రసునూ (బయటికి కనపడే కనెక్షన్ నంబరునూ) ఏవో ప్రోగ్రాములు రాత్రింబవళ్లు స్కాన్ చేస్తూనే ఉంటాయి. టీవీలో మీరు చూస్తున్నది చాలామటుకు ఫైర్‌వాల్ ఆపేసినవాటినే. ఆగిపోయినదాన్ని చూపించి భయపెట్టి, లోపలికి చొరబడినదాన్ని చూపించని డిజైన్ అది. దేశం పేరుకూ పెద్ద అర్థం లేదు. దాడి చేసేవాడు ముంబైలో సర్వర్ అద్దెకు తీసుకుంటే గీత ముంబై నుంచే వస్తుంది. దేశాలను రెండు వైపులా బ్లాక్ చేశారంటే షిప్పింగ్ లైన్ల వెబ్‌సైట్లు తెరుచుకోక మీరే అవస్థ పడతారు.

మ్యాప్ బదులు హీట్‌మ్యాప్ పెట్టించండి. అడ్డంగా 24 గంటలు, నిలువుగా ఆఫీసులోని ఒక్కో పరికరం. అది బయటికి ఎంత డేటా పంపితే గడికి అంత ముదురు రంగు. ఫైర్‌వాల్‌లో నెట్‌ఫ్లో (ఏ పరికరం ఎక్కడికి ఎంత డేటా పంపిందో రాసిపెట్టే సౌకర్యం) ఉంటే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ఈ పని అవుతుంది. వారం చూస్తే మీ ఆఫీసు తీరు తెలిసిపోతుంది: పదింటికి రంగు ముదురుతుంది, లంచ్ టైమ్‌లో పలచబడుతుంది, రాత్రి దాదాపు ఖాళీ. అలాంటిది రాత్రి 2 గంటలకు అకౌంట్స్ కంప్యూటర్ గడి ముదిరిందంటే, అది బ్యాకప్పో అప్‌డేటో కాకపోతే అనుమానించాల్సిందే. కాస్తంత డేటానే క్రమం తప్పకుండా ఒకే అడ్రసుకు పంపే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఇందులో దొరకదు. దానికి కనెక్షన్ల సంఖ్యను నిమిషాలవారీగా గీయించండి. దువ్వెన పళ్లలా సమదూరంలో గీతలు నిలబడితే ఆ అడ్రసు ఎవరిదో చూడండి. యాంటీవైరస్ కూడా అలాగే చేస్తుంది కాబట్టి కంగారుపడి ఏదీ పీకేయొద్దు.

టైమ్ కూడా సరిచూసుకోండి. చాలా డ్యాష్‌బోర్డులు యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో చూపిస్తాయి. మన రాత్రి 2 గంటలు అందులో ముందురోజు రాత్రి 8.30. ఎవరో ఆలస్యంగా పని చేసుకున్నారులే అని వదిలేస్తారు. నెల గ్రాఫునూ నమ్మొద్దు. గంటల తరబడి సగటు తీసి గీస్తుంది కాబట్టి పది నిమిషాల ఉప్పెన అందులో కనపడకుండా పోతుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నవి మాత్రం ఆ ఎనిమిది కెమెరాలు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితాతో లక్షలాది కెమెరాలు, డీవీఆర్‌లు (కెమెరా వీడియోలను రికార్డు చేసే పెట్టెలు), రౌటర్లలోకి దూరింది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాలు డైన్ (Dyn) అనే డీఎన్‌ఎస్ సంస్థ (వెబ్‌సైట్ పేరును బట్టి దాని అడ్రసు చెప్పే సంస్థ) మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి చాలామందికి అందలేదు. ఇన్నేళ్లయినా కెమెరాలు బిగించడానికి వచ్చినవాళ్లు ఫోన్‌లో కనపడాలని రౌటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి, పాస్‌వర్డ్ మార్చకుండానే వెళ్లిపోతున్నారు. ఓనర్లు అడగరు. తయారీదార్లు అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పరికరాలు ఏళ్ల తరబడి మూలన నడుస్తూనే ఉంటాయి. మొదటిసారి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ మార్పించని పరికరాన్ని అసలు అమ్మనివ్వకూడదని నా అభిప్రాయం.

మీ హీట్‌మ్యాప్‌లో డీవీఆర్ వరసను అన్నిటికన్నా పైన పెట్టండి. ఎవరూ ఫోన్‌లో కెమెరా చూడని వేళ, క్లౌడ్ రికార్డింగ్ కూడా లేనప్పుడు, ఆ వరస తెల్లగా ఉండాలి. లేకపోతే కేబుల్ పీకి, పాస్‌వర్డ్ మార్చి, ఆ పోర్టు మూసేశాకే మళ్లీ తగిలించండి. కెమెరాలను కంప్యూటర్ల నుంచి వేరే వీల్యాన్‌లోకి (అదే ఆఫీసులో విడిగా ఉండే నెట్‌వర్క్‌లోకి) మార్పించండి.

లాగ్‌ల (ఏ కనెక్షన్ ఎప్పుడు వచ్చిందో, వెళ్లిందో రాసి ఉంచే రికార్డుల) సంగతీ ఇవాళే చూడండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం కంపెనీలు 180 రోజుల లాగ్‌లు దాచాలి, దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. మీ ఫైర్‌వాల్‌లో అవి వారానికే చెరిగిపోయే సెట్టింగ్ ఉంటే, లాగ్‌లు వేరే కంప్యూటర్‌కు వెళ్లేలా పెట్టించండి.